కొండ దిగేదాకా నొప్పికి ఏది మేలు? పీల్చే గ్యాసు, పీల్చే ద్రవం, కెటమిన్, పారాసిటమాల్: ఒక పోలిక

చింతపండు దులిపే రోజుల్లో మా దగ్గరికి వచ్చే తొడ ఎముక విరుగుళ్లది ఇంచుమించు ఒకటే కథ. మనిషి చెట్టు మీంచి పడతాడు, ఊరివాళ్లు నులక మంచానికి కర్ర కట్టి డోలీలాగా జీపు దారి దాకా మోస్తారు, జీపు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగుతుంది. మంచం మీద కదలకుండా ఉన్నంతసేపూ పళ్లు బిగబట్టి ఓర్చుకున్న మనిషి, స్ట్రెచర్ మీదికి మార్చే ఆ అర నిమిషంలో కేక పెడతాడు. ఎముక విరిగినవాడి నొప్పి రోజంతా ఒకే తీరుగా ఉండదు. ఎత్తినప్పుడు, కాలు సరిచేసినప్పుడు, బద్ద కట్టినప్పుడు, గుంతలో చక్రం పడినప్పుడు అది ఒక్కసారిగా పెరిగి మళ్లీ తగ్గుతుంది. మందును ఎంచుకునేవారు ముందుగా గమనించవలసినది ఈ ఎగుడుదిగుళ్లనే.

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో పనిచేసే తెలుగు నర్సులు, చిన్న ఆసుపత్రులు నడిపేవారు, అంబులెన్సు సిబ్బంది నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. గాయపడిన మనిషికి పీల్చే గ్యాసు తెచ్చిపెట్టుకోవడం మంచిదా, లేక ఉన్న సూదిమందులతోనే సరిపెట్టుకోవచ్చా అన్నది ఆ ప్రశ్న. మత్తు వైద్యంలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఏ మందు బలమైనదన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మందు ఎవరి చేతిలో ఉంటుంది, దారి పొడవుకు సరిపోతుందా అన్నవి మొదటి ప్రశ్నలు.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది, గాయపడిన మనిషి తెలివిలో ఉన్నాడా, చెప్పింది అతనికి అర్థమవుతోందా అన్నది. పీల్చే మందులన్నీ రోగి తానే పట్టుకుని తానే పీల్చవలసినవి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మా వార్డులో నర్సు తెలుగులో ఆలోచించి, ఒడియాలో చెబుతుంది. మంచం మీద ఉన్న సవర ముసలమ్మకు ఆ రెండూ అంతంతమాత్రమే. "జోరరే నిశ్వాస నిఅ" (గట్టిగా ఊపిరి పీల్చు) అని పదిసార్లు అనడం కంటే, నర్సు తన నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని తాను గట్టిగా పీల్చి చూపిస్తే ఆమెకు రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. అలా చూపించినా అందుకోలేని స్థితిలో రోగి ఉంటే పీల్చే మందు అతనికి పనికిరాదు.

రెండోది, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది: ఛాతీ, తల, కడుపు, ముఖం ఈ నాలుగింటిలో ఏదైనా ఉంటే లెక్క మారుతుంది. మూడోది దారి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే ఉంది. రాయగడ నుంచి పార్వతీపురానికి ఎక్కువసేపు పడుతుంది. కోరాపుట్ నుంచి విశాఖపట్నానికి 200 కిలోమీటర్లకు అటూ ఇటూ, అందులో పొట్టంగి, సుంకి దాటి సాలూరు దిగేదాకా మలుపుల మీద మలుపులు. ఈ మూడు ప్రయాణాలకూ ఒకే మందును సిఫారసు చేయడం తప్పు. నాలుగోది, మందు ఇవ్వడానికి శిక్షణ, అధికారం ఉన్న మనిషి వెంట ఉన్నారా అన్నది. ఐదోది సరఫరా: అయిపోయిన సిలిండర్ మళ్లీ ఎన్నాళ్లకు నిండి వస్తుందో తెలియకుండా గ్యాసు మీద ఆధారపడకూడదు.

నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ మిశ్రమం

ఎంటోనాక్స్ అన్న పేరుతో ఎక్కువమందికి తెలిసిన ఈ గ్యాసులో సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే సిలిండర్‌లో ముందుగానే కలిపి ఉంచే పద్ధతిని 1961లో మైకేల్ టన్‌స్టాల్ ప్రసవ నొప్పుల కోసం ప్రవేశపెట్టారు. 1970 నాటికి ఇంగ్లండులోని గ్లోస్టర్‌షైర్ అంబులెన్సుల్లో దెబ్బలు తగిలినవారికి కూడా ఇస్తున్నారు. అంత పాత పద్ధతి నేటికీ నిలవడానికి కారణం దాని వేగం. నాలుగైదు గట్టి ఊపిరులతో, అంటే అర నిమిషంలో పని మొదలవుతుంది. రెండు మూడు నిమిషాల్లో పూర్తి బలానికి చేరుతుంది. మాస్క్ తీసేస్తే కొద్ది నిమిషాల్లోనే పోతుంది. మొదట్లో చెప్పిన ఎగుడుదిగుళ్ల నొప్పికి ఇంత చక్కగా అతికే మందు మరొకటి లేదు. స్ట్రెచర్ మార్చడానికి రెండు నిమిషాల ముందు పీల్చడం మొదలుపెట్టించి, మార్చి, బద్ద కట్టి, ఆపేయవచ్చు.

దాని రక్షణ ఏర్పాటు కూడా సులువైనదే. డిమాండ్ వాల్వ్ రోగి పీల్చినప్పుడే తెరుచుకుంటుంది. మగత ఎక్కువైతే చెయ్యి దానంతట అదే జారుతుంది, మాస్క్ పక్కకు పడుతుంది, మోతాదు అక్కడితో ఆగుతుంది. అందుకే మాస్క్‌ను రోగి ముఖానికి మరొకరు అదిమి పట్టకూడదు. బంధువులు ప్రేమతోనే పడతారు, "నేను పడతాను బాబూ, నువ్వు పడుకో" అంటారు. ఆ ఒక్క సాయంతో రక్షణ అంతా పోతుంది. గ్యాసు మొదలుపెట్టే ముందే ఈ మాటను పక్కనున్న వారికి చెప్పి తీరాలి.

ఇక వద్దన్న సందర్భాలు. నైట్రస్ ఆక్సైడ్ రక్తంలో నత్రజని కంటే సుమారు 34 రెట్లు ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, శరీరంలో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే, ఆ గాలిలోని నత్రజని బయటికి పోయేదానికంటే వేగంగా ఇది లోపలికి చేరి ఆ గాలి సంచిని ఉబ్బిస్తుంది. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాడికి ఇది ప్రాణాపాయం. బండి హ్యాండిల్ ఛాతీకి గుచ్చుకున్నా, చెట్టు మీంచి పడి ఊపిరి పీల్చుకోలేకపోతున్నా, ఎక్స్‌రే లేని చోట ఈ గ్యాసు ముట్టుకోకపోవడమే మేలు. పేగు మూసుకుపోయిన కడుపుబ్బరంలోనూ, తలకు దెబ్బ తగిలి మాట తడబడుతున్నప్పుడూ, ఇప్పసారా గానీ జీలుగు కల్లు గానీ ఎక్కువగా తాగి ఉన్నప్పుడూ వద్దు. ఇప్పపూల రోజుల్లో ఎలుగుబంటి దాడి చేసినవారికి ముఖమే గాయం కాబట్టి మాస్క్ ఆనదు. వారికి సూదిమందే దారి.

నిల్వ విషయంలో కొంచెం ఎక్కువగా రాయవలసి ఉంది, ఎందుకంటే మా దగ్గర పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఈ మిశ్రమం సున్నాకు 6 డిగ్రీల కిందికి చల్లబడితే విడిపోతుంది: నైట్రస్ ఆక్సైడ్ ద్రవమై అడుగుకు చేరుతుంది, ముందు ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలి వస్తుంది, చివరికి ఆక్సిజన్ చాలని గాలి వస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన 1,672 మీటర్ల దేవమాలి మన పొట్టంగి వైపే ఉన్నా, అక్కడి చలి అంత కిందికి దిగదు. అయినా వాడే ముందు 24 గంటలు 10 డిగ్రీల పైన ఉంచాలన్న నియమం ఒకటుంది. జనవరి రాత్రుల్లో సిమిలిగుడ, పొట్టంగి ప్రాంతాల్లో అంబులెన్సులోనో వరండాలోనో వదిలేసిన సిలిండర్ ఆ నియమం తప్పినట్టే. దాన్ని గదిలో అడ్డంగా పడుకోబెట్టి ఉంచి, వాడే ముందు రెండు మూడు సార్లు తలకిందులు చేసి కలపాలి.

దీనికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది రంగు. మిశ్రమం సిలిండర్ నీలం రంగుదే, ఆపరేషన్ థియేటర్‌లో వాడే శుద్ధ నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ కూడా నీలం రంగుదే. తేడా భుజం దగ్గర ఉంటుంది: మిశ్రమానికి నీలం, తెలుపు ముక్కలుగా వేసిన భుజం, శుద్ధ నైట్రస్ ఆక్సైడ్‌కు మొత్తం నీలం. మట్టిదారి దుమ్ము పట్టిన సిలిండర్ మీద ఆ భుజం కనబడదు. గుడ్డతో తుడిచి, లేబుల్ చదివి, అప్పుడే వాల్వ్ బిగించాలి. సిలిండర్‌ను బిగించే చోటనున్న పిన్నులు ఒక్కో గ్యాసుకు వేరువేరుగా ఉండడం వల్ల చిన్న సిలిండర్లు ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోవు. కూర్చోకపోతే బలవంతంగా బిగించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. వాల్వ్‌కు నూనె, గ్రీజు తగలకూడదు, దగ్గర్లో చుట్టగానీ బీడీగానీ వెలిగించకూడదు, ఎందుకంటే ఈ రెండు వాయువులూ మంటను పెంచుతాయి.

మరి ఎంతసేపు వస్తుంది? నొప్పితో ఉన్న పెద్దమనిషి నిమిషానికి 10 లీటర్లు పీలుస్తాడనుకుంటే 500 లీటర్లు పట్టే చిన్న సిలిండర్ ఆపకుండా పీలిస్తే 50 నిమిషాలకు అయిపోతుంది. నేను ఒకప్పుడు పనిచేసిన ఆసుపత్రి నుంచి తొడ ఎముక విరిగిన ఒక లారీ క్లీనర్‌ను విశాఖకు పంపుతూ, గేజి ముల్లు సగానికి దిగిన సిలిండర్‌ను అలాగే ఎక్కించాం. సుంకి దాటగానే అయిపోయింది. ఘాట్ దిగేదాకా ప్రతి మలుపులోనూ అతను నా మణికట్టు పట్టుకుని నలిపాడు, సాలూరు చేరేసరికి అక్కడ నాలుగు వేళ్ల అచ్చు మిగిలింది. ఈ మిశ్రమం సిలిండర్‌లో పూర్తిగా వాయురూపంలోనే ఉంటుంది కాబట్టి గేజి నిజమే చెబుతుంది: ముల్లు సగంలో ఉంటే గ్యాసు సగమే ఉంది. నేను చూశాను, లెక్క వేయలేదు.

మెథాక్సీఫ్లూరేన్

ఇది గ్యాసు కాదు, ద్రవం. 3 మిల్లీలీటర్ల మందును పచ్చటి ఈల లాంటి చిన్న గొట్టంలో పోస్తారు, లోపలి వత్తి దాన్ని పీల్చుకుంటుంది, రోగి నోట్లో పెట్టుకుని ఊపిరి తీస్తే ఆవిరి వస్తుంది. ఆస్ట్రేలియా అంబులెన్సుల్లో 1970ల నుంచి దీన్ని వాడుతున్నారు. బ్రిటన్‌లో 2015లో పెద్దవారి గాయాల నొప్పికి అనుమతి వచ్చింది. ఆరు నుంచి పది ఊపిరుల్లో ఉపశమనం మొదలవుతుంది, ఆపకుండా పీలిస్తే 25 నుంచి 30 నిమిషాలు, ఆగి ఆగి పీలిస్తే గంట దాకా వస్తుంది. సిలిండర్ లేదు, రెగ్యులేటర్ లేదు, చొక్కా జేబులో పడుతుంది. జీపు వెళ్లని చోటికి నడిచి వెళ్లే మనిషికి ఇంతకంటే అనువైనది ఊహించలేను.

చిక్కిన గాలిని ఉబ్బించే గుణం దీనికి నైట్రస్ ఆక్సైడ్‌లాగా లేదు. అయితే దీని చరిత్రలో ఒక గట్టి పాఠం ఉంది. ఒకప్పుడు ఆపరేషన్లకు పూర్తి మత్తుగా ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు ఇందులోంచి విడుదలయ్యే ఫ్లోరైడ్ మూత్రపిండాలను దెబ్బతీసింది, అందుకే మత్తుమందుగా దీన్ని వదిలేశారు. నొప్పికి వాడే మోతాదు చాలా చిన్నది. రోజుకు 6 మిల్లీలీటర్లు, వారానికి 15 మిల్లీలీటర్లు మించకూడదు, వరుస రోజుల్లో ఇవ్వకూడదు అన్న హద్దులు పెట్టింది ఆ పాత అనుభవం వల్లనే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వద్దు. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆ వ్యాధి మూత్రపిండాలను నెమ్మదిగా దెబ్బతీస్తుంది; కాబట్టి "సికిల్ సెల్ ఉందా?" అన్న ప్రశ్న అడగకుండా ఈ గొట్టం చేతికివ్వడం సరి కాదు. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఒళ్లు కాలిపోయేంత జ్వరం, కండరాల బిగువు వచ్చాయని తెలిస్తే కూడా వద్దు. తెలివి తప్పుతున్నవారికి, రక్తపోటు పడిపోతున్నవారికి వద్దు.

దీన్ని ఎంచుకునే ఆసుపత్రి ముందుగా తనకు మందులు సరఫరా చేసేవారితో క్రమం తప్పకుండా దొరుకుతుందని రాతపూర్వకంగా నిర్ధారించుకోవాలి. ఒకసారి నాలుగు పెట్టెలు తెచ్చి, తరువాత దొరకక, సిబ్బంది అలవాటు తప్పాక మళ్లీ తెచ్చుకునే పద్ధతి ప్రమాదకరమైనది.

పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడవలసినది | నైట్రస్ ఆక్సైడ్ మిశ్రమం | మెథాక్సీఫ్లూరేన్ | కెటమిన్ తక్కువ మోతాదు | పారాసిటమాల్ సెలైన్ |
|---|---|---|---|---|
| పని మొదలయ్యేది | అర నిమిషం | 6–10 ఊపిరులు | నరంలో నిమిషాల్లో | 15 నిమిషాల పైన |
| ఉండేది | పీల్చినంతసేపు | అర గంట నుంచి గంట | 15–30 నిమిషాలు | గంటల కొద్దీ |
| ఎవరి చేతిలో | రోగి చేతిలో | రోగి చేతిలో | డాక్టరు చేతిలో | నర్సు చేతిలో |
| ఛాతీలో గాలి చేరితే | వద్దు | డాక్టరు చూసి | ఇవ్వవచ్చు | ఇవ్వవచ్చు |
| మోసుకెళ్లడం | బరువు | జేబులో | పెట్టెలో | పెట్టెలో |

కెటమిన్

వెంట డాక్టరు ఉంటే, దారి పొడవైనదైతే, రక్తం పోయి బీపీ తగ్గుతున్న మనిషికి నేను మొదట తలుచుకునేది కెటమిన్ అన్న సూదిమందునే. ఊపిరిని అణచడం తక్కువ, రక్తపోటును నిలబెడుతుంది, మాస్క్ అవసరం లేదు. నొప్పికి ఇచ్చే మోతాదు మత్తుకు ఇచ్చే మోతాదు కంటే చాలా తక్కువ: శరీర బరువు కిలోకు 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములు, 10–15 నిమిషాల మీద నెమ్మదిగా. ఒక్కసారిగా ఇస్తే రోగికి పీడకలలాంటి భ్రమలు కలుగుతాయి. ఆ సమయంలో అతని భాషలో పక్కన ఒకరు మాట్లాడుతూ ఉంటే భయం తగ్గడం నేను చాలాసార్లు చూశాను. సవర రోగికి సవర మాట్లాడే ఆయాను పిలిపించి కూర్చోబెట్టేవాళ్లం.

దీని భారం వేరే రకమైనది. మన దేశంలో కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. కొన్నది, వాడింది, పారేసింది అన్నీ రిజిస్టర్‌లో రాసి, తాళం వేసిన అలమరాలో ఉంచాలి. ఆ క్రమశిక్షణ పాటించే డాక్టరు లేని చోట దీన్ని తేవద్దు.

పారాసిటమాల్, డైక్లోఫెనాక్

1 గ్రాము పారాసిటమాల్ సెలైన్ 15 నిమిషాల్లో ఎక్కించడం ఏ చిన్న ఆసుపత్రికైనా సాధ్యమే. అది తొడ ఎముక నొప్పిని ఒంటరిగా ఆపలేదు, కానీ పైన చెప్పిన ఏ మందుకైనా కింద పునాదిలాగా పనిచేసి, గ్యాసు ఆగిన తరువాత నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడకుండా చూస్తుంది. గ్యాసు మొదలుపెట్టే వేళకే దీన్ని కూడా మొదలుపెట్టాలన్నది నా గట్టి సలహా.

వాపు, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ సూది విషయంలో మాత్రం మన ఊళ్ల అలవాటు మారాలి. ప్రతి దెబ్బకూ తుంటికి ఆ సూది వేయడం ఆనవాయితీ అయింది. ఎండలో పనిచేసి నీళ్లు చాలని కూలీకి, రక్తం పోయిన మనిషికి అది మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. పాము కాటు మీద అనుమానం ఉన్నప్పుడు రక్తస్రావం పెంచవచ్చు కాబట్టి అసలే వేయకూడదు. పాము కాటుకు పీల్చే గ్యాసు కూడా వద్దు. నాగుపాము, కట్లపాము విషం తగిలితే కనురెప్పలు వాలడమే మనకు మొదటి హెచ్చరిక, మగత కలిగించే మందు ఆ హెచ్చరికను కప్పేస్తుంది.

ఎవరికి ఏది

ఎక్స్‌రే ఉండి, నెలకోసారైనా సిలిండర్ నింపించుకోగల ఆసుపత్రి నడిపేవారు మిశ్రమం గ్యాసునే తీసుకోవాలని నా అభిప్రాయం. ప్రసవాల గదికి, కట్లు మార్చడానికి, తప్పిన భుజం సరిచేయడానికి అదే సిలిండర్ పనికొస్తుంది, పెట్టిన ఖర్చు వృథా పోదు. గది కిటికీలు తెరిచి ఉంచాలి. రోగి వదిలిన ఊపిరిలోని గ్యాసును రోజూ పీల్చేది నర్సులే, వారిలో గర్భవతులు ఉండవచ్చు. సికిల్ సెల్ నొప్పితో మళ్లీ మళ్లీ వచ్చే రోగికి మాత్రం దీన్ని అలవాటుగా ఇవ్వకూడదు, ఎందుకంటే పదేపదే పీలిస్తే ఇది బి12 విటమిన్‌ను పనిచేయకుండా చేసి నరాలను దెబ్బతీస్తుంది.

దూర ప్రయాణం చేసే అంబులెన్సుకు గ్యాసు ఒక్కటే చాలదు. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు గ్యాసు, మధ్య దారికి పారాసిటమాల్, డాక్టరు వెంట ఉంటే కెటమిన్ అన్నది నాకు సరిపోయిన కలయిక. బండి కదిలే ముందు గేజి చూసి, నిమిషానికి 10 లీటర్ల లెక్కన ఎంతసేపు వస్తుందో కాగితం మీద రాయండి. తక్కువ పడితే ఎగుడుదిగుడు రోడ్డు కోసం దాచుకుని, చదును రోడ్డులో ఆపండి. మూసిన బండిలో ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి.

గనిలోనో కర్మాగారంలోనో ప్రథమ చికిత్స గది చూసేవారికి, సరఫరా నిలకడగా ఉండి కంపెనీ డాక్టరు రాతపూర్వక ఆదేశం ఉంటే మెథాక్సీఫ్లూరేన్ బాగా నప్పుతుంది. ఆ డాక్టరు లేకపోతే ఏ మందూ వద్దు, మంచి బద్దలు కొనుక్కోండి.

ఊళ్లో ఉండే ఆశా కార్యకర్తలకు, కుటుంబసభ్యులకు చెప్పేది కూడా అదే. ఈ మందులేవీ మీ చేతిలో ఉండవలసినవి కావు. విరిగిన కాలికి రెండు వైపులా గుడ్డ చుట్టిన వెదురు బద్దలు పెట్టి, విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు కూడా కలిసేలా కట్టి, కదలకుండా చేస్తే నొప్పి చాలావరకు తగ్గుతుంది. గట్టిగా బిగించారేమో వేళ్లు ముట్టుకుని చూడండి, చల్లబడితే వదులు చేయండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి దారిలో టీ, అన్నం, ధైర్యానికని సారా పెట్టవద్దు.

చిన్న పిల్లల గురించి ఒక మాట. ఐదేళ్ల లోపు పిల్లలకు డిమాండ్ వాల్వ్ తెరిచేంత ఊపిరి, సూచన అందుకునేంత నిదానం ఉండవు. వారికి గ్యాసుతో సమయం వృథా చేయకుండా నేరుగా డాక్టరు చేతి మందుకు వెళ్లాలి.

ఏది ఇచ్చినా, మందు పేరు, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం ఒక కాగితం మీద రాసి రోగి దుప్పటికి పిన్ను పెట్టి పంపండి. సరిహద్దు దాటాక రోగిని అందుకునేవారికి మన ఆసుపత్రి ఫోన్ నంబరు తెలియదు, రోగి మాట తెలియదు. సాలూరులో స్ట్రెచర్ లాగే నర్సుకు అతని కళ్లు మూతలు పడుతూ కనిపిస్తే, అది గ్యాసు మగతా, తలలో రక్తస్రావమా అన్నది తేల్చేది ఆ కాగితం మీది రెండో సమయమే: గ్యాసు ఆపి పది నిమిషాలు దాటినా మగత తగ్గకపోతే దానికి కారణం గ్యాసు కాదు.